పాట లేని వైపు

బోధన్‌లో మా అత్తగారింట్లో గ్రామఫోను బాజా ఏడాదికి రెండు మూడు సార్లకంటే మోగేది కాదు. మిగిలిన రోజులన్నీ వెనక అర్రలో, నల్ల చెక్కపెట్టె మీద ఉమ్మెత్తపువ్వులాంటి బాకా తెరుచుకుని, గోడవైపు తిరిగి ఉండేది. మా మామ బాపురావు పటేలు దాన్ని హైదరాబాదులో ఎవరో దొర ఇంటి సామాను వేలం వేస్తుంటే కొనుక్కొచ్చారు. తహసీలు నుంచి అధికార్లు వచ్చినప్పుడు, దసరాకు పెద్దమనుషులు జమ్మి చేతిలో పెట్టడానికి వచ్చినప్పుడు దివాన్‌ఖానాలోకి మోయించి పాట పెట్టించేవారు. ఒక ఏడు అధికారి ముందే అది గురగురమని ఆగిపోయింది. ఆయన మీసాల్లో నవ్వుకుని, "పటేల్ సాబ్, మీ బాజాకు సర్ది అయింది" అన్నారట. ఆ నవ్వును మామ మరిచిపోలేదు.

నాలుగు రోజుల్లో నిజామాబాదు నుంచి నూరుల్లా వచ్చాడు. గడియారాలు, కుట్టుమిషన్లు, బాజాలు బాగుచేసే మనిషి. పెట్టె విప్పి, లోపల గడ్డకట్టిన కొవ్వును పుల్లతో గీకి చూపించాడు.

"వాడి పాడు చేసిన మిషన్‌ను నేను బాగుచేస్త, పటేలా. వాడక పాడైన మిషన్ మనిషసొంటిది. ఊపిరి మరుస్తది."

ఎట్లా చూసుకోవాలో ఆయన మాకు నేర్పిపోయాడు. బాకాను పొడి ఫలాలీన్ గుడ్డతోనే తుడవాలి, తడి తగలకూడదు. దుమ్ము పడుతుందని దాని నోట్లో గుడ్డ కుక్కకూడదు, చెమ్మ లోపలే నిలిచి రేకు తుప్పు పడుతుంది, ఎలుక పిల్లలు పెడుతుంది. చావి తిప్పి బిగించిన స్ప్రింగును పని అయ్యాక పూర్తిగా వదిలెయ్యాలి. ఇక అసలు మాట, పదిహేను రోజులకు ఒకసారైనా దాన్ని మాట్లాడించాలి. లేకపోతే సూది పైన ఉండే అభ్రకం బిళ్ళ చుట్టూ రబ్బరు రాయైపోతుంది.

"ఇంగొకటి. దీని ముందట కూసోని కొట్లాడుకోవద్దు. బాకా అంటె నోరొక్కటే కాదు, చెవి గూడ. మాట తాకితె లోపల బిళ్ళ అదురుతది."

"గట్లయితె మా ఇంట్ల అది దినాం అదురుతది," అంది మా పనిమనిషి ఈరవ్వ. అందరం నవ్వాం.

నవ్వనిది శంకరమ్మత్త ఒక్కతే. బాజా తుడిచే పని ఆమెకే పడింది.

శంకరమ్మత్త మా మామకు అక్క. తొమ్మిదేండ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఆ వెనక అర్రలోనే నలభై ఏండ్లు గడిపింది. పాట ఆమె చెవిన పడకూడదని ఆ ఇంటి కట్టుబాటు. పెండ్లి మేళం వినిపించినా ఆమె లేచి కొట్టంలోకి, గొడ్ల దగ్గరికి పోయేది. పదిహేను రోజులకోసారి మా ఇంటాయన బాజాకు చావి ఇచ్చి రికార్డు పెట్టేముందు, "మేనత్తా, నువ్వు జర కొట్టంలకు పో" అనేవారు. ఆమె పోయేది. పాట అయ్యాక వచ్చి, వేడెక్కిన సూదిని తీసి, బాకాను తుడిచేది. తుడవడానికి ఆమె, వినడానికి మేము. ఏడేండ్లు అట్లాగే జరిగింది. అది తప్పని ఆ రోజుల్లో నాకు తోచలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను మజ్జిగ ఇవ్వడానికి అర్రలోకి వెళితే, ఆమె తల బాకా లోపల ఉంది. భుజాల దాకా వంగి, ముఖం మొత్తం దాని నోట్లో పెట్టి, పెదవులు కదిలిస్తోంది. గుసగుస వినిపించింది, మాట తెలియలేదు. నా గాజుల చప్పుడుకు తల బయటికి తీసింది.

"ఏం సూస్తున్నవ్? తుడుస్తున్న."

చేతిలో గుడ్డ లేదు.

ఆమెకు నేనంటే గిట్టేది కాదు. నా బిడ్డ గోదావరి అంటే మరీ గిట్టేది కాదు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక, కందకుర్తి సంగమంలో మొక్కుకుంటే పుట్టిన పిల్ల అది. నాలుగేండ్లు నిండలేదు, నిద్రలో కూడా మాట్లాడేది. నేను నోరెత్తడానికి లేని ఆ ఇంట్లో నాకు మాట తోడు అదొక్కతే. శంకరమ్మత్త దాన్ని కన్నార్పకుండా చూసేది.

"ఎంత మాట్లాడుతదే నీ బిడ్డ. గంత మాట ఏడికెల్లి వస్తదో. ఎవరిదో గుంజుకున్నట్టె ఉన్నది."

దిష్టి తగలకుండా నేను పిల్లకు ఉప్పు తీసేదాన్ని.

*

చక్కెర ఫ్యాక్టరీ వస్తుందట అని ఊరంతా అనుకుంటున్న ఏడు అది. దసరాకు ఎన్నడూ రానంత మంది పెద్దమనుషులు మా దివాన్‌ఖానాకు వచ్చారు. శంకరమ్మత్తకు మూడు రోజులుగా జ్వరం. అర్రలో చాప మీద పడి ఉంది. కొట్టం దాకా నడిచే ఓపిక లేదు.

మామ నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పారు. "అర్రకు గొళ్ళెం పెట్టు బిడ్డా. జరం మీద బయటికొస్తె పండుగ పూట ఎదురొచ్చిందనుకుంటరు."

నేను తలుపు దగ్గరికి వేస్తుంటే లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది.

"ఎందుకు పెడుతున్నవే?"

"జరంత సేపే అత్తా," అన్నాను. గొళ్ళెం పెట్టాను.

జరంత సేపు రెండు జాములైంది. పాట మీద పాట. నేను వంటింట్లో నుంచి గారెల పళ్ళాలు తీసుకుని ఆ నడవాలో ఎన్నిసార్లు తిరిగానో. తిరిగినప్పుడల్లా ఒక చప్పుడు వినిపించింది. టక్... టక్ టక్. రికార్డులో డోలకు అనుకున్నాను.

అందరూ వెళ్ళాక గొళ్ళెం తీస్తే తలుపు బరువుగా వచ్చింది. ఆమె దానికి ఆనుకుని, చల్లబడి ఉంది. వేళ్ళ గణుపుల మీద తోలు లేదు. జ్వరం తలకెక్కిందని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

కర్మలు అయ్యాక మామ అందరినీ కూర్చోబెట్టి, "నా అక్క. ఏడాది దాక ఈ ఇంట్ల పాట వినపడొద్దు," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కండువాతో తుడుచుకుని ఇంకో మాట కూడా అన్నారు. "గని బాజా పాడుగావద్దు. వచ్చే దసరాకు అది మోగాలె."

పాట పెట్టకూడదు. బాకా మాట్లాడకపోతే పాడైపోతుంది. మా ఇంటాయన తల గోక్కున్నారు. ఊరికే చక్రం తిప్పితే బిళ్ళ అదరదు, రబ్బరు బిగుసుకుపోతుంది. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే.

పాత రికార్డుల్లో కొన్నిటికి ఒకవైపే పాట ఉండేది. వెనకవైపు గీతలు లేకుండా నున్నగా, నల్లగా, బావి నీళ్ళలా ఉండేది. అట్లాంటిది మా దగ్గర ఒకటుంది.

"పాట లేనివైపు పెట్టి సూది దించుదాం. బిళ్ళ అదురుతది. పాట ఉండదు. ఏటిసూతకం చెడదు," అన్నాను.

మామ నావైపు మెచ్చుకోలుగా చూశారు. "కోడలుకు తెలివున్నది. గా పని నువ్వే సూసుకో."

మరిచిపోకుండా ఉండాలని ఏకాదశి నాడు పెట్టుకున్నాను. పదిహేను రోజులకు ఒక ఏకాదశి. ఉపవాసం ఉండి, విష్ణునామం చెప్పుకుంటూ ఫలాలీన్ గుడ్డతో బాకా తుడిచి, చావి ఇచ్చి, నున్నటి నలుపు మీద సూది దించేదాన్ని.

మొదట గరగర. తాటాకు మీద సన్న వాన పడినట్టు. అంతే. నాలుగైదు ఏకాదశులు అట్లాగే గడిచాయి.

పుష్యమాసంలో ఆ గరగర వెనక ఇంకో చప్పుడు చేరింది. మెత్తగా, ఆగి ఆగి. నాకు అర్థం కాలేదు. గడపమీద కూర్చున్న గోదావరే చెప్పింది.

"అమ్మా, ముసలవ్వ తుడుస్తుంది."

 నిజమే... అది గుడ్డ రేకును రాసే చప్పుడు. వంకర దగ్గర ఒత్తి, అంచు దగ్గర తేలిగ్గా. నేను తుడిచే తీరు కాదు. ఆమె తుడిచే తీరు.

ఎవరికీ చెప్పలేదు. చెపితే దసరా నాటి చప్పుడు సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని భయం. పాట లేని వైపు పెట్టిన ఉపాయం నాదే కదా, మానేస్తానంటే ఎందుకని అడుగుతారు. ఏకాదశి వెనక ఏకాదశి సూది దించుతూనే ఉన్నాను. పిల్లను మాత్రం ఆ అర్ర దరిదాపుల్లోకి రానివ్వలేదు.

*

తొలి ఏకాదశి వచ్చింది. మూడు రోజుల నుంచి విడవని ముసురు. ముందురోజు దశమి, అంటే శంకరమ్మత్త తిథి. మాసికం పెట్టడానికి మామ, మా ఇంటాయన కందకుర్తికి బండి కట్టుకుని వెళ్ళారు. మంజీర పొంగి దారి మునిగిందని, నీళ్ళు తీస్తే గాని రాలేరని కబురు వచ్చింది. ఇంట్లో నేను, పిల్ల, ఈరవ్వ.

సాయంత్రం ఈరవ్వ జొన్నపేలాలు విసిరి బెల్లంతో పిండి కలిపింది. ఆ కమ్మటి వాసన ఇల్లంతా నిండింది. నేను గుడ్డ తీసుకుని అర్రవైపు లేచాను.

"ముసుర్ల గూడనా పటేలమ్మా? పాట లేని బాజా, కల్లు లేని కుండ. ఎవరు ముట్టుకుంటరు దాన్ని?"

"మామ చెప్పిన పని ఈరవ్వా."

"చెప్పినోల్లు కందకుర్తిల ఉన్నరు. నాకైతె అర్రల అడుగు పెడితె ఆమె వాసనే వస్తది." కొంగు నెత్తిన కప్పుకుంది. "మా గుడిసె కురుస్తుంది, జర సూసొస్త," అని వానలోకి వెళ్ళిపోయింది.

దీపాలవేళ కాలేదు గాని, అర్రలో అప్పుడే చీకటి. చెమ్మ పట్టిన గోడల వాసన. ఇనుప నూనె వాసన. దాని అడుగున ఇంకోటి... మూడు రోజుల జ్వరం మనిషి చాప వాసన. చావి ఇచ్చాను. సూది దించాను.

గరగర.

గుడ్డ రాస్తున్న చప్పుడు. ఒత్తి... తేలిగ్గా... ఒత్తి...

అది ఆగిపోయింది. రికార్డు తిరుగుతూనే ఉంది. గరగర కూడా లేదు. అంత నిశ్శబ్దం బాజాలో నేనెప్పుడూ వినలేదు.

టక్.

టక్ టక్.

"అమ్మా, ఎవరో కొడుతున్నరు."

వెనక్కి తిరిగాను. గోదావరి నా వెనకే నిలబడి ఉంది. పేలపిండి పిడికిట్లో పట్టుకుని, పెదవులకు అంటించుకుని. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. నేను తలుపువైపు చూశాను.

"తలుపు కాదమ్మా," అని బాకా లోపలికి వేలు చూపించింది. "గండ్ల."

సూది ఎత్తేశాను.

టక్... టక్ టక్.

సూది నా వేళ్ళ మధ్య గాలిలో ఉంది. చప్పుడు ఆగలేదు. బాకా అంచు సన్నగా వణుకుతోంది.

పిల్లను చంకనెత్తుకుని బయటపడ్డాను. తలుపు లాగి, ఏం చేస్తున్నానో తెలియకుండానే గొళ్ళెం పెట్టాను. అట్లా పెట్టకుండా ఉండాల్సింది. పెట్టగానే లోపలి నుంచి వచ్చింది... చాప మీద నుంచి వచ్చినట్టే, అదే నీరసం, అదే విసుగు.

"ఎందుకు పెడుతున్నవే?"

దేవుని అర్రలోకి పరుగెత్తాను. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని దీపం వెలిగించాను. అగ్గిపుల్లలు మెత్తబడ్డాయి, మూడోది అంటుకుంది. కండ్లు మూసుకుని గోవిందనామం అందుకున్నాను. ఎడమ చెయ్యి పిల్ల తల మీదే ఉంది. మెత్తటి జుట్టు. వెచ్చగా. పది నామాలు... పన్నెండు...

జుట్టు చల్లగా తగిలింది. కండ్లు తెరిచాను.

నా చెయ్యి బిందె కింద పెట్టే గడ్డి చుట్టకుదురు మీద ఉంది. పిల్ల లేదు.

నడవాలోకి వచ్చాను. అర్ర తలుపుకు గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. బయటి గొళ్ళెం. నా తల కంటే ఎత్తులో ఉంటుంది, పిల్లకు అందదు. ఆ అర్రకు వేరే దారి లేదు, కిటికీ లేదు.

లోపలి నుంచి నా బిడ్డ గొంతు.

"అమ్మా... గొళ్ళెం తియ్యి."

గొళ్ళెం పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులా లాగాను. వానకు చెక్క ఉబ్బిందో ఏమో... రాలేదు. తలుపు మీద కొట్టాను. అరిచాను. వాన చప్పుడులో వాడకట్టు మొత్తం తలుపులు మూసుకుని ఉంది.

అప్పుడు లోపల పాట మొదలైంది.

రికార్డుల్లో పాడేవాళ్ళ గొంతు కాదు. ఎవరూ వినకుండా, పెదవుల మధ్యే నలభై ఏండ్లు పాడుకున్న గొంతు. గరుకుగా, శ్రుతి లేకుండా. మొదట మెల్లగా... తర్వాత పెద్దగా... ఇంకా పెద్దగా. దేవుని అర్రలో దీపం వణికేంత. ఆ పాట అడుగున నా బిడ్డ పిలుస్తోంది. "అమ్మా." పాట పెరుగుతోంది. "అమ్మా." పాట దాని మీద నుంచి నడిచిపోతోంది. పిలుపు సన్నబడుతోంది. నా వేళ్ళ గణుపులు చిట్లాయి. నేను కొడుతున్న చప్పుడు నాకే వినిపించడం లేదు.

 తలుపు సందులో నోరు పెట్టాను.

"విన్న అత్తా," అన్నాను. "ఆనాడు విన్న. డోలకు కాదని ఎరుకే. పళ్ళెం పట్టుకోని ఈడనే నిలవడ్డ. తీస్తె మామ ఏమంటడో అని భయపడ్డ. నీ చేతులు కొడుతున్నయని ఎరుకుండే పోయిన. నన్ను తీస్కో. నా బిడ్డ ఏం జేసింది? నన్ను తీస్కో."

పాట ఆగింది.

 తర్వాత తలుపుకు అవతల, సరిగ్గా నా నోటి దగ్గర, ఎవరో నవ్వారు. ముసలి నవ్వు. నన్ను దేనికీ తీసుకోదలచుకోని నవ్వు.

గొళ్ళెం దానంతట అదే జారి వేలాడింది.

లోపల బాజా తిరగడం లేదు. గోదావరి దాని ముందు మోకాళ్ళ మీద ఉంది. ముఖం మొత్తం బాకా నోట్లో ఉంది. భుజాలు పట్టి లాగాను. సీసాకు అంటుకున్న బిరడా వచ్చినట్టు వచ్చింది. ముఖం నిండా దుమ్ము, పెదవుల మీద పేలపిండి. కండ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టాయి. నోరు తెరిచింది. అమ్మా అన్నట్టు పెదవులు కలిశాయి, విడిపోయాయి.

చప్పుడు రాలేదు.

*

రెండు రోజుల తర్వాత మగవాళ్ళు వచ్చారు. పిల్లకు చలిజ్వరం వచ్చి గొంతు పోయిందని హకీము కషాయం ఇచ్చాడు. వారం గడిచినా పలకలేదు. ఇంతకుముందు నిద్రలో కూడా మాట్లాడే పిల్ల నిద్రలో నోరు తెరిచి, మూసి, తెరిచి... నేను పక్కన కూర్చుని ఆ నోటి వైపే చూస్తుండేదాన్ని.

అప్పుడు మామకు అంతా చెప్పాను. గొళ్ళెం తియ్యని సంగతి, పళ్ళెం పట్టుకుని నిలబడిన సంగతి. ఆయన నన్ను తిట్టలేదు. గోడవైపు తిరిగి, "పెట్టుమన్నది నేను," అన్నారు. నూరుల్లాకు కబురు పంపారు.

నూరుల్లా రికార్డును వెలుతురులోకి తెచ్చి పాట లేనివైపు తిప్పాడు. నున్నగా ఉండాల్సిన నలుపు మీద అంచు నుంచి మధ్య దాకా గీతలు. మగ్గం మీద పోగుల్లా, ఒకదాని పక్కన ఒకటి, సన్నగా, తప్పు లేకుండా.

"ఎన్నిసార్లు పెట్టిన్రు బేటీ?"

"పద్దెనిమిది ఏకాదశులు, చాచా."

"సూది పిచ్చి గీతలు గీస్తది. ఇట్ల గియ్యదు." దాన్ని బల్లమీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఏడేండ్లు ఆ అమ్మ దీంట్ల మాట్లాడిందంటున్నవ్. బాకాకు చెవి ఉన్నదని నేనే చెప్పిన గద... విన్నది ఎక్కడో ఓ చోట రాయాలె. మీరు పలక ఇచ్చిన్రు."

"పలగ్గొడదాం," అన్నారు మా ఇంటాయన.

నేను రికార్డు మీద చేతులు అడ్డం పెట్టాను. పెద్దవాళ్ళ ముందు అట్లా నేనెన్నడూ చేయలేదు.

"నా బిడ్డ గొంతు అండ్ల ఉంటే?"

 నూరుల్లా నావైపు చూడకుండా అన్నాడు. "ఉంటె పగలగొడితె పోతది. పెడితె వస్తదేమో. ఏం వస్తదో నాకు తెల్వదు. నేనైతె పెట్ట." కూలి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఏకాదశికి పగటిపూటే పెట్టాను. తలుపు బార్లా తెరిచి, మామ, మా ఇంటాయన నడవాలో నిలబడితే, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సూది దించాను.

గరగర. గుడ్డ. తలుపు చప్పుడు. పాట. నా బిడ్డ బిగుసుకుపోయింది. పాట అడుగు నుంచి సన్నగా, "అమ్మా... గొళ్ళెం తియ్యి."

గోదావరి పెదవులు కదిలాయి. బాకాలో మాటకు సరిగ్గా అతికినట్టు కదిలాయి. మళ్ళీ బాకాలో, "అమ్మా." మళ్ళీ దాని పెదవులు. మూడోసారికి మాట ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోలేకపోయాను. సూది మధ్యకు చేరి ఆగింది. బాకా మూగబోయింది.

"అమ్మా," అంది గోదావరి, నా ఒళ్ళో నుంచి. "ఆకలైతుంది."

మామ అంతటి మనిషి నడవాలో కూలబడి ఏడ్చారు. ఆ రికార్డును తునకలు చేసి, మూటగట్టి, సంగమంలో లోతు చూసి వదిలారు. బాజా పెట్టెను కాల్చేసి, బాకాను కమ్మరికి ఇచ్చి కరిగించారు. ఆ అర్ర తలుపు తీయించి గోడ కట్టించారు. నేను నూటెనిమిది ఏకాదశులు మొక్కుకున్నాను, ఇంకా తీరుస్తున్నాను.

గోదావరి బాగుంది. తింటుంది, ఆడుతుంది, గలగలా మాట్లాడుతుంది. పాటలు కూడా నేర్చింది. ఎవరు నేర్పారని అడిగితే నవ్వుతుంది. మొన్న కార్తీకంలో నిజామాబాదు కంఠేశ్వర్ గుడికి తీసుకుపోతే, మండపంలో కూర్చుని తనంతట తనే పాడింది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. దీపాలు పెడుతున్న ఒక పెద్దామె, లింగవ్వ అట, నా చెయ్యి పట్టుకుంది.

"ఏం బిడ్డనే తల్లి! పాట ఎత్తుకున్నకాన్నుంచి దింపేదాక ఎక్కడ ఆగలే. నడుమ ఊపిరి గూడ తీస్కోలే. మా దిక్కు పెద్ద పెద్ద భజనోల్లే గట్ల పాడలేరు."

నేను పిల్లను చంకనెత్తుకుని గుడి మెట్లు దిగాను.

ఇంటికి వచ్చాక పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, "ఇంగోసారి పాడు బిడ్డా," అన్నాను. పాడింది. పొడవైన పాట. నేను దాని ఎదమీద అరచెయ్యి ఆనించాను. రెండో చెయ్యి దాని ముక్కు కింద పెట్టాను. తర్వాత పెదవుల దగ్గర పెట్టాను.

పాట ఎక్కడా తెగలేదు. ఎద పొంగలేదు, కుంగలేదు. అంతసేపూ నా చేతికి గాలి తగలలేదు.

పాడుతూనే అది కండ్లు పైకెత్తి నావైపు చూసింది.